పాత ముద్రలు, కొత్త కాగితాలు

రబ్బరు స్టాంపు అనే మాటకు మన దేశంలో బొత్తిగా మర్యాద లేదు. ఎవరైనా ఒక పెద్దమనిషి పదవిలో కూర్చుని, పైవాళ్లు చెప్పినదానికల్లా తల ఊపుతూ ఉంటే, "ఆయనదేముందండీ, వట్టి రబ్బరు స్టాంపు!" అని తేల్చి పారేస్తాం. ఆ వట్టి రబ్బరు స్టాంపు కోసమే ఆఫీసు వరండాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడతాం. దరఖాస్తు మీద అది పడిందా, కాశీకి పోయి వచ్చినంత సంబరం. పడలేదా, మళ్లీ సోమవారం రావలసిందే. ఇంత శక్తి గల వస్తువును పట్టుకుని వట్టిది అనడం ఏం న్యాయమో మీరే చెప్పండి.

నాకు మాత్రం రబ్బరు ముద్రలంటే మొదటినుంచీ ఇష్టం. 31 ఏళ్లు చిన్న పిల్లలకు ఎక్కాలు, లెక్కలు చెప్పి ఇంటికి చేరినదాన్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా చేతిసంచీలో నాలుగు ముద్రలుండేవి. ఒకటి నక్షత్రం, ఒకటి గులాబి, ఒకటి చిలక, నాలుగోది "బాగున్నది" అనే మాట. నక్షత్రం మామూలు మార్కులకు, చిలక నూటికి నూరుకు. చిలక కోసం పదమూడో ఎక్కం అప్పజెప్పిన పిల్లలున్నారు. చిలక పడలేదని అన్నం మానేసిన పిల్లవాడి తల్లి బడికి వచ్చి, "టీచరుగారూ, మీ చిలకకో నమస్కారం, ఒక్కసారి కొట్టండమ్మా" అని బతిమాలుకున్నది.

ఉద్యోగం చాలించాక ఆ నలుగురూ నాతో ఇంటికి వచ్చారు. మనవలకు ఉత్తరం రాసినప్పుడు కాగితం మూలన ఒక చిలకను కొట్టి పంపేదాన్ని. ఈ రోజుల్లో ఉత్తరాలెవరు రాస్తున్నారండీ అంటారేమో. ఫోను నా దగ్గరా ఉన్నది. కాని ఫోనులో పంపిన చిలకను మా మనవరాలు ఒక్క క్షణం చూసి వేలితో పైకి తోసేస్తుంది. కాగితం మీద వచ్చిన చిలకను కత్తిరించి తన అలమార తలుపుకు అంటించుకున్నది. అక్కడితో ఆగితే బాగానే ఉండును. "అమ్మమ్మా, ఏనుగు లేదా? పడవ లేదా?" అని అడగడం మొదలుపెట్టింది. ఏనుగు కోసం బయలుదేరిన నేను ఈనాడు మూడు బిస్కట్ల డబ్బాల నిండా పాత ముద్రలతో తేలాను.

కొత్తవి దొరకవా అంటే, కావలసినన్ని దొరుకుతాయి. పాలిమరుతో చేసినవి, గాజుముక్కల్లా ఆవలి వైపు కనిపించేవి, సిరా తమలోనే దాచుకున్నవి, కంప్యూటరులో గీసి లేజరుతో చెక్కినవి, అన్నీ ఉన్నాయి. వాటి మీద నాకేమీ కోపం లేదు. కాని పాత తెలుగు ముద్రల్లో ఒక అందం ఉన్నది. అవి అచ్చాఫీసు సీసపు అక్షరాలకు పుట్టిన బిడ్డలు. ముద్రలు చేసేవాడు ఒక్కొక్క అక్షరాన్ని చేత్తో ఏరి, వరసగా పేర్చి, బిగించి, దాని మీద అచ్చు తీసి రబ్బరు అదిమినవి. వాటిలోని "శ్రీ"కి ఒక వంపు, "క్ష"కు ఒక బిగువు ఉంటాయి. అచ్చాఫీసుల నుంచి సీసపు అక్షరాలు కరిగిపోయి చాలాకాలమైంది. వాటి ముఖకవళికలు ఈ రబ్బరు ముక్కల మీద అక్కడక్కడ మిగిలాయి.

ఇవి ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. మా విజయవాడలో లెనిన్ సెంటరు దగ్గర పాత పుస్తకాల కొట్లున్నాయి గదా. ఆ కొట్లవాళ్లకు ముద్రలతో పని లేదు. కాని ఎక్కడో మూతపడిన గ్రంథాలయం పుస్తకాలను బస్తాలకెత్తి కొన్నప్పుడు బస్తా అడుగున ఒకటో రెండో ముద్రలు వస్తాయి. హైదరాబాదు వెళ్లినప్పుడు ఆదివారమైతే ఆబిడ్సులో పేవుమెంటు మీది పుస్తకాల మధ్య, గురువారమైతే జుమేరాత్ బజారులో పాత తాళాలు, గడియారాలు, ఇత్తడి సామానుల మధ్య వెతుకుతాను. జుమేరాత్ అంటేనే గురువారం. వీధుల్లో పాత కాగితాలు తూకానికి కొనే వాళ్ల కొట్లు మరీ మంచివి. ఒక గుమాస్తాగారి బల్ల సొరుగు ఉన్నదున్నట్టుగా అక్కడికే వచ్చి పడుతుంది.

అన్నిటికన్నా మంచి చోటు మరొకటున్నది. ముద్రలు చేసే దుకాణాల్లో పాతబడినవి ఏవైనా ఉంటే వెళ్లి అడగండి. ఆర్డరిచ్చి, బయానా ఇచ్చి, మళ్లీ రాని వాళ్ల ముద్రలు ఒక పెట్టెలో పడి ఉంటాయి. తెరవకుండానే ఆగిపోయిన కిరాణా కొట్టు, ఒక్క సమావేశం కూడా జరగని సంఘం, ఎన్నికై కుర్చీ ఎక్కని కార్యదర్శి, అందరూ ఆ పెట్టెలో ఉంటారు. మొదటిసారి ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడు దుకాణదారు నన్ను అనుమానంగా చూశాడు.

"వీటిని ఏం చేసుకుంటారమ్మా?"

"ఆడుకుంటాను నాయనా."

ఆయన నా నెరిసిన జుట్టును, కళ్లజోడును ఒకసారి చూసి, "అయితే పదికి రెండు తీసుకోండి" అన్నాడు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ముద్ర మీద అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి. నేను కుంకుమ భరిణె మూతలోని అద్దం పట్టుకుని చదువుకుంటాను. మీరు ఫోనుతో చదువుకోవచ్చు. తరువాత రబ్బరు మీద గోటితో మెల్లగా నొక్కండి. గోరు దిగి, తీయగానే మళ్లీ పైకి వచ్చిందా, దానికి ప్రాణమున్నట్టే. గోరు దిగకుండా కొమ్ములాగా గట్టిగా ఉన్నదంటే సందేహించండి. చిన్న చిన్న పగుళ్లు వేసి, వంచితే నోళ్లు తెరుస్తున్నదా, దాన్ని అక్కడే వదిలెయ్యండి. ముట్టుకుంటే బెల్లం పాకంలా వేలికి అంటుకుంటున్నదా, దానికి గూడా ఔషధం లేదు. పైన సిరా గడ్డకట్టి నల్లగా, అసహ్యంగా ఉన్నదని మాత్రం భయపడవద్దు. అది రోగం కాదు, మురికి. చూడ్డానికి చచ్చినట్టున్న ముద్రల్లో చాలా భాగం మురికిపట్టినవే.

ఈ రోగాలన్నీ ఎందుకొస్తాయో తెలియాలంటే రబ్బరు సంగతి కాస్త తెలియాలి. చెట్టు పాలను గట్టిపరిస్తే వచ్చే పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికావాడు ఏళ్ల తరబడి దానితో కుస్తీ పట్టి, 1839లో గంధకం కలిపిన రబ్బరును వేడి చేస్తే అది స్థిరపడుతుందని కనిపెట్టాడు. 1844లో పేటెంటు వచ్చింది. పేరు వచ్చింది గాని డబ్బు నిలవలేదు. 1860లో అప్పులతోనే కన్నుమూశాడు. ఆ 1860వ దశకంలోనే అమెరికాలో రబ్బరు ముద్రలు పుట్టాయి. దంతవైద్యులు కట్టుడు పళ్లకు రబ్బరు చిగుళ్లు ఉడికించే చిన్న యంత్రాలుండేవి. తొలినాటి ముద్రలను వాటిలోనే ఉడికించేవారట. మన దుకాణాల్లో జరిగినదీ అదే పని. గంధకం కలిపిన రబ్బరు రేకును అచ్చులో పెట్టి, సుమారు 150 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు అదిమి ఉంచితే అక్షరాలు తేలేవి. ఇంగ్లీషువాళ్లు పెన్సిలు గీతలు రుద్ది చెరిపేది గనుక దానికి రబ్బరని పేరు పెట్టారు. చెరిపేదీ అదే, అచ్చు వేసేదీ అదేనన్నమాట.

ఇలా ఉడికిన రబ్బరు ఏళ్లు గడిచినకొద్దీ గాలిలోని ఆక్సిజనుతో, ఓజోనుతో, ఎండతో, వేడితో మెల్లమెల్లగా మారిపోతుంది. నూనె తగిలితే ఉబ్బుతుంది. అందుకని పాత ముద్రకు కొబ్బరినూనె రాసి మెత్తబరుద్దామనుకునేవారికి ఒక నమస్కారం. పెడన కలంకారీ వాళ్ల అద్దకపు అచ్చులున్నాయి, అవి టేకు చెక్కవి. వాటికి నూనె రాస్తే ఆయుర్దాయం. రబ్బరుకు మాత్రం నూనె విషం. కిరోసినూ, పెట్రోలూ అంతకన్నా విషం. వాటితో తుడిస్తే మురికి చిటికెలో పోతుంది. దానితోపాటు అక్షరాల అంచులు గూడా ఉబ్బి, సన్నగా ఉండవలసిన గీత జొన్నరొట్టె అవుతుంది.

ఇక వైద్యం. ముందు పొడి బట్టతో దుమ్ము తుడవండి. గడ్డకట్టిన సిరా మీద గ్లిజరిను రెండు మూడు చుక్కలు వేసి అరగంట వదిలెయ్యండి. స్టాంపు ప్యాడులో సిరా త్వరగా ఎండకుండా ఉండేందుకు అందులో వేసేది సాధారణంగా గ్లిజరినే. కనుక ఎండిపోయిన సిరా దాన్ని చూసి చుట్టం వచ్చినట్టు కరుగుతుంది. తరువాత గోరువెచ్చని నీళ్లలో మెత్తటి సబ్బు, లేదా కాస్త కుంకుడుకాయ నురుగు తీసుకుని, పళ్లు తోముకుని పారేసే మెత్తని బ్రష్షుతో సుతారంగా తోమండి. నురుగు ఊదారంగులో వస్తుంది. మళ్లీ తోమండి. నాలుగైదుసార్లకు లేతబడుతుంది. అంతేగాని ముద్రను నీళ్లలో నానబెట్టవద్దు. చెక్క ఉబ్బి, కింద జిగురు వదిలిపోతుంది.

అక్షరాల సందుల్లో దాక్కున్న మట్టికి సూది వాడకండి. సూది గీరితే ఆ గీత జన్మంతా అచ్చులో పడుతుంది. కొబ్బరి ఈనెపుల్ల చివర నమిలినట్టుగా చితక్కొట్టి దానితో తియ్యండి. "సున్న" నడుమ పేరుకున్నది వస్తే సున్న మళ్లీ సున్న అవుతుంది. అంతవరకూ అది చుక్కే. కడిగాక నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు.

కొన్ని ముద్రలు ఎంత కడిగినా సిరా పట్టవు. తామరాకు మీద నీళ్లలా సిరా బొట్లు బొట్లుగా నిలుస్తుంది. రబ్బరు పైన నున్నటి పొర ఒకటి గట్టిపడిందన్నమాట. పిల్లల పెన్సిలు రబ్బరుతో ఒకసారి రుద్దండి. అప్పటికీ వినకపోతే వడ్రంగులు ఉప్పుకాగితం అనే గరుకు కాగితం, అందులోనూ అతి సన్న రకం తెచ్చి, కాగితాన్ని బల్ల మీద పరిచి, ముద్రను దాని మీద రెండంటే రెండుసార్లు, బరువు వెయ్యకుండా తిప్పండి. పొర పోతుంది, సిరా నిలుస్తుంది. మూడోసారి తిప్పాలని చెయ్యి పీకుతుంది. చేతిని వెనక్కు తీసుకోవాలి.

రబ్బరు బాగున్నా కింది స్పంజి పొడి పొడి అయిపోయిన ముద్రలుంటాయి. అటువంటప్పుడు జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కాస్త వెచ్చబరిచి, పాత జిగురు మెత్తబడ్డాక రబ్బరును ఒక మూలనుంచి ఓపికగా లేవదీయాలి. చెక్క మీది పాత స్పంజి గీకేసి, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న కొత్త స్పంజి ముక్క వేసి, సైకిలు షాపులో పంక్చరు అతికించే సొల్యూషను రెండువైపులా పలచగా రాసి, కొంచెం ఆరనిచ్చి అంటించండి. దాని మీద ఒక నిఘంటువును ఒక రాత్రి పెట్టండి. నిఘంటువులకు ఈమధ్య పని తగ్గింది గదా.

పాత ముద్ర అన్నిచోట్లా సమంగా పడదు. ఒకచోట అరిగి ఉంటుంది, ఒకచోట పొంగి ఉంటుంది. కాగితం కింద నాలుగు మడతల పాత వార్తాపత్రిక వేసుకుని కొడితే చాలా భాగం సర్దుకుంటుంది. "కొడితే" అనడం అలవాటుచేత గాని, కొట్టకూడదు. ముద్రను తిన్నగా దించి, అరచేతితో అదిమి, తిన్నగా ఎత్తాలి. ముందుకూ వెనక్కూ ఊపితే అంచుల మరకలు పడతాయి. సిరాల సంగతి రెండు మాటలు. ఊదారంగు సిరా ఆఫీసుల నాటి నుంచీ మనకు అలవాటు. పుండ్లకు పూసే ఊదారంగు మందు, ఈ సిరా రంగూ ఒకే కుటుంబానివి. అందుకే రెండూ చేతికంటితే ఒక పట్టాన వదలవు. గుడ్డ మీద వేసుకోవాలంటే గుడ్డ సిరా వేరే దొరుకుతుంది. ఆరాక ఇస్త్రీ చెయ్యాలి.

ఇంత శ్రమపడి వీటితో చేసేదేమిటంటారా? సంక్రాంతికి మా బంధువులకు వెళ్లే శుభాకాంక్షలన్నీ ఇంట్లోనే తయారవుతాయి. మామిడాకు ముద్ర ఒక్కటే ఉన్నది. దాన్నే పదకొండుసార్లు వరసగా దించితే తోరణం. ఒక పాత బట్టల కొట్టు ముద్ర చివర ఉన్న తామరపువ్వును వేరుచేసుకుంటే పేరంటం పిలుపు కార్డుకు పనికి వచ్చింది. బొమ్మల కొలువులో మెట్ల అంచులకు వేసే కాగితపు పట్టీలు, పచ్చళ్ల సీసాల మీది చీటీలు, పుట్టినరోజు కానుకలు చుట్టే కాగితం, అన్నీ వీటితోనే.

మాటల ముద్రల వల్ల మరీ కాలక్షేపం. "అత్యవసరం" అన్నది ఒకటున్నది. ఏలూరులోని మా చెల్లెలికి కొత్తావకాయ పంపినప్పుడు పొట్లం మీద దాన్నే కొడతాను. "అందినది" అని ఇంకొకటి ఉన్నది. చెల్లెలు ఖాళీ సీసా తిప్పి పంపితే చీటీ మీద ముద్ర వేసి తెలియపరుస్తాను. పెళ్లి శుభలేఖల కవర్ల మీద కొట్టే "బుక్ పోస్ట్" ఒకటి దొరికింది. మనవడికి పుస్తకం కానుక ఇచ్చినప్పుడల్లా దాన్ని వాడుతున్నాను. కూతురి కవల పిల్లల ఫోటో కింద "అసలు", "నకలు" అని వేద్దామని మావారు సలహా ఇచ్చారు గాని, ఏది ఎవరి కింద వెయ్యాలో తేలక మానుకున్నాం.

ఇంతవరకు వినోదం. ఇందులో ఒక గంభీరమైన సంగతి గూడా ఉన్నది. అది నాకు మా వీధిలోని వదినగారి వల్ల తెలిసింది. చుట్టరికమేమీ లేదు, వయసుకు నేను అలా పిలుస్తాను. ఆవిడ భర్త డాక్టరు. మా వీధిలో రెండు తరాల పిల్లలకు జ్వరాలు తగ్గించిన మనిషి. పోయి మూడేళ్లయింది. ఒకనాటి మధ్యాహ్నం వదినగారు ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు.

"టీచరుగారూ, మీరు పాత ముద్రలు బాగుచేస్తారటగదా. ఇది మావారిది. అక్షరాలు పడటం లేదు. ఒక్కసారి పడేట్టు చెయ్యగలరా?"

పేరు, కింద చదువు, దాని కింద మెడికల్ కౌన్సిలు ఇచ్చిన రిజిస్ట్రేషను నంబరు. మూడు వరసలు. గ్లిజరిను వేశాను, కడిగాను, ఈనెపుల్లతో సందులు తీశాను. రెండో రోజు తెల్లకాగితం మీద దించితే మూడు వరసలూ పడ్డాయి. పేరులో ఒక్క అక్షరం మాత్రం ఒక పక్క అరిగి ఉన్నది. వదినగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఈ అక్షరం ఎప్పుడూ ఇలాగే పడేది. మందుల షాపువాడు ఈ అరుగుడు చూసే ఆయన చీటీ అని గుర్తుపట్టేవాడు" అన్నారు.

నేను సంతోషించాను. నాలుగు రోజులకు ఆవిడ మళ్లీ వచ్చారు. ముఖంలో ఆ సంతోషం లేదు. తెలిసిన కుర్రవాడొకడు ఇంటికి వచ్చాడట. ముద్ర బాగైన సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. ఉద్యోగంలో సెలవు పెట్టాడు, దానికి డాక్టరు సర్టిఫికెటు కావాలి. "పాత తేదీ వేసుకుంటానండీ, డాక్టరుగారు బతికున్నప్పటిది. ఒక్కసారి కొట్టివ్వండి. ఎవరికీ నష్టం లేదు" అన్నాడట. ఆవిడ కాదని పంపేశారు. "కాని రేపు నేను లేనినాడు ఎవరో ఒకరు కొట్టివ్వరా? 40 ఏళ్లు ఆయన రోగిని చూడకుండా ఒక్క చీటీ మీద గూడా దీన్ని వెయ్యలేదు. నేనే దీనికి మళ్లీ నోరిప్పించానా?" అన్నారు.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. చిలకకు, తామరపువ్వుకు ఎవరి చేతిలోనైనా ఒకటే అర్థం. "అత్యవసరం" అన్నా మా చెల్లెలికి అర్థమయ్యేది ఆవకాయే. కాని ఒక మనిషి పేరు, ఆయన అధికారం, ఆయన నంబరు కలిసి ఉన్న ముద్ర బొమ్మ కాదు, మాట. "నేను చూశాను, ఇది నిజం" అని ఆయన ఇచ్చిన మాట. పూర్వం మన సర్టిఫికెట్ల నకళ్లు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసరు ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్లం, జ్ఞాపకముందా? ఆకుపచ్చ సిరాతో సంతకం, దాని కింద ముద్ర. కేంద్ర ప్రభుత్వం 2014లో స్వీయ ధ్రువీకరణను ప్రోత్సహించాక ఆ తిరుగుళ్లు చాలావరకు తగ్గాయి. ఆ ఆఫీసరు ముద్ర విలువ రబ్బరుది కాదు, అసలును, నకలును పక్కపక్కన పెట్టి చూసిన ఆయన కళ్లది. కళ్లు మూతపడ్డాక ముద్ర మాత్రం మాట్లాడితే అది అబద్ధమే అవుతుంది.

చట్టం గూడా ఈ మాటే అంటుంది. దొంగపత్రాల కోసం ముద్ర చేయించినా, ఆ ఉద్దేశంతో దగ్గర పెట్టుకున్నా నేరమని 1860 నాటి శిక్షాస్మృతిలో ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉన్నది. నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని ఎవరు పడితే వాళ్లు వాడకూడదని 2005లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. అయితే వదినగారికి కావలసింది చట్టం కాదు. ముద్రను పారెయ్యడానికి ఆవిడకు మనసొప్పదు, ఉంచుకోవడానికి ధైర్యం లేదు.

మర్నాడు ఇద్దరం కూర్చున్నాం. రబ్బరును చెక్క నుంచి మెల్లగా లేవదీశాను. మూడు వరసల మధ్య కాస్త ఎడమున్నది. బ్లేడు ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ నంబరు వరసను ముందు కోశారు, తరువాత చదువు వరసను. ఆ రెంటినీ ముక్కలు ముక్కలు చేసి, కాగితంలో చుట్టి, వంటింటి చెత్తలో కలిపేశారు. పేరున్న ఒక్క వరసను కొత్త స్పంజి వేసి అదే చెక్కకు అంటించాను. ఆ పాత పిడి ఆయన వేళ్లకు నున్నగా అరిగి ఉన్నది. పిడి మార్చలేదు.

ఆ పేరు ఇప్పుడు ఎక్కడ పడుతున్నదో చెబుతాను. డాక్టరుగారికి పుస్తకాల పిచ్చి. నవలలు, చరిత్రలు, యాత్రలు, రెండు బీరువాల నిండా ఉన్నాయి. వదినగారు వాటిని ఒక బడికి ఇచ్చారు. ఇచ్చేముందు ఒక్కొక్క పుస్తకం మొదటి పుట మీద ఆ పేరు ముద్ర వేశారు. కింద నేను నా గులాబిని దించాను. మూడు రోజులు పట్టింది. ఒక్క అక్షరం అరిగిన ఆ పేరును ఇప్పుడు పిల్లలు చదువుతున్నారు. ఆ పేరు ఎవరికీ సెలవు ఇప్పించదు, మందు రాయదు. ఈ పుస్తకం ఫలానా వారిది అని మాత్రం చెబుతుంది. అది నిజమే గనుక ఎన్నిసార్లు చెప్పినా తప్పు లేదు.

అప్పటినుంచి నా బిస్కట్ల డబ్బాలకు మూడు పేర్లు పెట్టాను. మొదటిదాంట్లో బొమ్మలు. పువ్వులు, పక్షులు, కలశాలు, అంచులు. వీటిని ఎవరడిగినా ఇస్తాను. రెండోదాంట్లో మాటలు. "అందినది", "నకలు", "అత్యవసరం" వంటివి. వీటిని ఇంట్లోనే వాడతాం. ఆఫీసు కాగితాల దరిదాపులకు పోనివ్వం. మూడోది అధికారాల డబ్బా. పేరుతో హోదా ఉన్నవి, ఆఫీసు పేరున్నవి, సింహాలున్నవి. బస్తా అడుగున మంచివాటితో కలిసి ఇవి గూడా వస్తూనే ఉంటాయి. వీటిని కడగను. రబ్బరు లేవదీసి ముక్కలు చేసి, చెక్కలు మాత్రం ఉంచుకుంటాను. మూడో డబ్బా ఎప్పుడూ ఖాళీగా ఉంటే నాకు తృప్తి. ఆ చెక్కలకు కొత్త బొమ్మలు అంటిస్తుంటాను. ఒక తాసిల్దారు ఆఫీసు పిడి కింద ఇప్పుడు మా మనవరాలు అడిగిన ఏనుగున్నది.

చదివేవారిలో చాలామంది ఇళ్లలో తాతగారి బల్లో, నాన్నగారి పెట్టో ఒకటి ఉండే ఉంటుంది. సొరుగులో కళ్లజోడు డబ్బా, తుప్పుపట్టిన గుండుసూదులు, వాటి మధ్య ఎండిపోయిన స్టాంపు ప్యాడు, రెండో మూడో ముద్రలు. పాత కాగితాలవాడు తక్కెడతో గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆ సొరుగును అలాగే బోర్లించకండి. పిల్లల్ని పిలిచి, అద్దం తెమ్మని చెప్పి, ఒక్కొక్కదాన్ని వాళ్లచేత చదివించండి. బొమ్మయితే సబ్బునీళ్లు పెట్టుకోండి. ఎవరి మాటో అయితే ఆ మాట ఎవరిదో, ఆయన ఎటువంటి మనిషో పిల్లలకు చెప్పండి. చెప్పాక బ్లేడు తీసుకోండి.